అత్తమ్మ చేతి మచ్చ

మన రమ్య వాళ్ల నాయినా,

నిన్న మన కొత్తవాడ చేనేత సంఘం హాల్లో, డెంగీకి కొత్త టీకా తయారుచేస్తున్న వాళ్లు మీటింగు పెట్టారు. ఇప్పుడు నేను నేస్తున్న నీ మగ్గం ఆపి అత్తమ్మ వెంట నేనూ పోయాను.

డాక్టరు తెర మీద బొమ్మలు చూపిస్తూ, పాత టీకాల నుంచి తామెంతో నేర్చుకున్నామన్నాడు. మందును ఎంత చల్లగా ఉంచాలో, ఎన్ని డోసులు వేయాలో అన్నీ నేర్చుకున్నారట. అత్తమ్మ లేచి, రైక చెయ్యి పైకి జరిపి, మశూచి టీకా మచ్చ చూపించింది.

"నా చిన్నప్పుడు ఇది పొడిచినాయన వారం తిరిగేసరికి మళ్లొచ్చి చెయ్యి సూసిపోయిండు బిడ్డా. మీరు మళ్లొస్తరా?"

"యాప్‌లో రాయండమ్మా, మేం చూసుకుంటాం" అన్నాడు. అందరూ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. కరోనా టీకా మొదటిది వేయించుకున్నాక నీకు జ్వరమొచ్చింది. అటూ ఇటూ పోగు నడిపే నాడె విసిరే చెయ్యి లేవక మగ్గం ఆగింది. అది మామూలేనని చెప్పడానికి ఒక్క మనిషి మన గడప తొక్కలేదు.

"బతికిండా సచ్చిండా అని ఒక్కడన్న మళ్లొచ్చి సూసిండా? ఇంకోటి నేనేసుకోను" అన్నావు. అన్న మాట మీదే నిలబడ్డావు. తర్వాత కరోనా వచ్చి దవాఖానకు పోయినవాడివి ఇంటికి రాలేదు.

మీటింగు అయ్యాక చాయ్ ఇచ్చారు. డాక్టరు అత్తమ్మను వెలుతురులోకి పిలిచి, ఇంకో మీటింగులో చూపించడానికి ఆ మచ్చను ఫోటో తీసుకున్నాడు. ఆమె అడిగిన మాట మాత్రం ఎవరూ రాసుకోలేదు.