బావా, తాళం ఇవ్వను

మంగళవారం, మార్చి 11

గౌరవనీయులైన బావగారికి బావమరిది నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నీ కోపం కూడా క్షేమంగానే ఉందని తలుస్తాను. ఎనిమిది నెలలుగా మాట్లాడవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఫోనైతే మధ్యలో పెట్టేస్తావు. దీన్ని చించేసినా చదివాకే చించుతావు, నీ సంగతి నాకు తెలుసు.

మొన్న శుక్రవారం కోర్టులో నా దివాలా కేసు ముగిసింది. ఒక్కటి తప్ప అప్పులన్నీ కొట్టేశారు. ప్రింటింగ్ ప్రెస్సు పోయింది, స్కూటరు పోయింది, పీక మీద కత్తి కూడా పోయింది. రెండేళ్ళుగా ఫోను మోగితే మా ఆవిడకు వినపడకూడదని గట్టిగా దగ్గేవాణ్ణి. నిన్న రెండో రింగుకే ఎత్తాను. ఎవరో గ్యాసు కంపెనీ అమ్మాయి. అయిదు నిమిషాలు హాయిగా మాట్లాడాను, పాపం ఆమే విసుక్కుంది.

వచ్చే సోమవారం నువ్వూ దివాలా పిటిషన్ వేస్తున్నావట. ఆలోపు నీ వడ్రంగి షాపులోని రంపం మిషన్ నా ఖాళీ ప్రెస్సు గదిలో దాచుకుంటానని, తాళం చెవి ఇమ్మని అక్కతో కబురు పెట్టావు. మాటలు లేవు గానీ తాళం కావాలి! ఇవ్వను బావా. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు, అందుకే ఇవ్వను. దాచింది బయటపడితే ఒక్క అప్పూ పోదు, పైగా ఇంకో కేసు నెత్తిన పడుతుంది.

నేను పడ్డ గోతులు చెబుతాను, విను. అప్పుల జాబితాలో సిరా అమ్మే స్నేహితుడి పేరు మొహమాటంతో వదిలేశాను. మా లాయరమ్మ కళ్ళజోడు తీసి, డాక్టరు దగ్గరా లాయరు దగ్గరా మొహమాటపడేవాడు బాగుపడడని చెప్పి, నాచేతే ఆ పేరు రాయించింది. నిండా మునిగినవాడికి చలేమిటని పిటిషన్‌కు నెల ముందు కార్డు మీద ఫ్రిజ్ కొన్నాను. కొట్టేయని అప్పు అదే. చల్లటి నీళ్ళు తాగుతూ వాయిదాలు కడుతున్నాను.

అన్నిటికంటే పెద్ద తప్పు నీ విషయంలో చేశాను. కాగితాలు కోసే మిషన్ అమ్మిన డబ్బంతా నీ చేతిలో పెట్టాను. ఇంటివాళ్ళ బాకీ ముందు తీరాలి కదా అనుకున్నాను. అది అప్పులవాళ్ళందరికీ పంచాల్సిందట. కోర్టు అధికారి నీ దగ్గర వెనక్కి వసూలు చేశాడు. నీ పనివాళ్ళందరి ముందు ఆ నోటీసు అందుకున్నావు. అది తలుచుకుంటే ఇప్పటికీ ముద్ద దిగదు. నన్ను క్షమించు. కోర్టులో నా పేరు బయటపెట్టినవాడితో మాటలేమిటని అన్నావట. నీ బాధ నాకు అర్థమవుతుంది.

సోమవారం వేయకు. ఈ శనివారం పదింటికి లాయరమ్మ దగ్గర నీకు సమయం తీసుకున్నాను. షాపు అక్క పేరు మీదికి మార్చే ఆలోచన కూడా మానుకో, ఆ ఎత్తు కోర్టువాళ్ళు చాలా చూశారట. రంపం మిషన్ జాబితాలో రాయి. బతుకుతెరువు పనిముట్లు చాలావరకు వదిలేస్తారట, దాస్తేనే పోతాయట. ఇంకేమైనా ఉందా అని ఆమె మూడుసార్లు అడుగుతుంది. మూడోసారి కూడా నిజమే చెప్పు.

నీ పలకరింపు కోసం ఎదురుచూస్తూ,
నీ బావమరిది

తా.క.: నీ పేరు బయటపెట్టింది నేను కాదు బావా. నేను పిరికివాణ్ణి, దాచేశాను. అధికారి నన్ను ప్రశ్నించే ముందురోజు అక్కే లాయరమ్మ దగ్గరికి వెళ్ళి, నువ్వు డబ్బు తీసుకున్న తేదీతో సహా చెప్పింది. చెప్పకపోయి ఉంటే నాకు మొన్నటి శుక్రవారం వచ్చేదే కాదు. నీ కోపం నేనైతే తట్టుకుంటానని చెప్పి, నోరు విప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఇవాళ తీసి గట్టున పెట్టాను. ఎందుకంటే, తాళం ఇవ్వొద్దని చెప్పిందీ అక్కే. తమ్ముణ్ణి ఒడ్డున పడేసింది, ఇప్పుడు మొగుణ్ణి లాగుతోంది. శనివారం నీ పక్క కుర్చీలో తనే కూర్చుంటుంది. తన మీద మాత్రం అలగకు. అంతగా అలగాలనిపిస్తే, ఇంకో ఎనిమిది నెలలు నామీదే అలుగు.