నాలుగో ప్లేటు

రాజన్నా,

పోయిన శుక్రవారానికి నువ్వు పోయి ఏడాది. నువ్వున్నప్పుడు శుక్రవారం మటన్ నీ చేతిదే, గరిటె ఎవర్నీ తాకనిచ్చేవాడివి కాదు. ఇప్పుడు రూమ్‌లో ఎవరి పార్సిల్ వాళ్లదే. అందుకే ఆ రోజు లచ్చన్న, గంగాధర్, నేను మస్కట్‌లో ఒక కొరియా హోటల్‌కు పోయాం. ఎంతమందని అడిగితే లచ్చన్న అలవాటుగా నలుగురన్నాడు. నాలుగు ప్లేట్లు వేశారు.

తీరా చూస్తే తీపి మసాలా పట్టించిన పచ్చి మాంసం తెచ్చారు. బల్ల మధ్యలోనే పొయ్యి.

"పైసలిచ్చి మనమే వండుకునుడేందిరా?" అన్నాడు గంగాధర్.

పటకారు ఎవరూ పట్టుకోలేదు. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. చివరికి నేనే కాల్చాను, సగం మాడ్చాను. పెద్దలకు పెట్టినట్టు నీ వాటా నాలుగో ప్లేట్లో పెట్టాం. వడ్డించే అమ్మాయి, మీ దోస్తు ఎప్పుడొస్తాడని అడిగింది.

"డ్యూటీల ఉన్నడు," అన్నాడు లచ్చన్న.

పాపం, ఆమె నీ వాటా పార్సిల్ కట్టిచ్చింది.

రుసైల్‌లో మన రూమ్‌కు తిరిగొచ్చి, దాన్ని బయట గోడ మీద పెట్టాం. కాకి వచ్చి చూసింది, ముట్టలేదు. తియ్యగా ఉందనేమోనని గంగాధర్ కారం చల్లాడు. అయినా ముట్టలేదు.

"అన్నా, వచ్చే శుక్రారం పొయ్యి ముట్టిస్తం. అందరం కల్సి తింటం. తినరాదే," అన్నాడు లచ్చన్న.

కాకి ముక్క ఎత్తుకుపోయింది. కారానికా, మాటకా? మాకింకా తేలలేదు.

ఇవాళ మటన్ తెచ్చాం. పొయ్యి వెలిగింది. గరిటె పట్టుకుని ముగ్గురం నిలబడ్డాం. అన్నా, ఉప్పు నువ్వు ముందే వేసేవాడివా, చివర్లోనా?