రూతు మంచం దగ్గరి మూడక్షరాలు

రాజమండ్రి,
14 నవంబరు 2024, గురువారం.

గౌరవనీయులైన ఉదయ్‌భాస్కర్ గారికి,

జీవరాజు నమస్కరించి రాస్తున్నది. భీమవరంలో మీరు, చెల్లెమ్మ అలేఖ్య కులాసా అని తలుస్తాను. ఇక్కడ మేం క్షేమం అని మాత్రం రాయలేను. ఈ ఉత్తరం ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

ఆ 'గారు' చూసి నవ్వుకోకు. మాటలు మానేసిన మనిషిని ఒరేయ్ అనే హక్కు ఉందో లేదో తెలీక పెట్టాను. మా నాన్న పోయిన రోజు నువ్వు ఫోన్‌కి పంపింది ఆర్.ఐ.పి. అని మూడక్షరాలు. మా ఇంట్లో నీకు అన్నం పెట్టిన మనిషికి ఒక పూర్తి మాట రాసే తీరిక లేకపోయిందా అని నేను అడిగాను, నువ్వు ఫోన్ పెట్టేశావు. అంతే కదా మన గొడవ. మళ్లీ మూడక్షరాల దగ్గరే నీతో పని పడింది.

మా ఆవిడ రూతుకి గర్భసంచిలో గడ్డ. అది మంచిదో చెడ్డదో తీసి పరీక్ష చేస్తేగానీ తెలీదన్నారు. నిన్న బుధవారం పొద్దున్న ఆపరేషను. తెల్లారేసరికి మంచం తలవైపు బోర్డు మీద ఎన్.బి.ఎం. అని ఇంగ్లీషులో రాసి ఉంది. మన దేశంలో మూడు పొడి అక్షరాలుంటే మనిషి పేరేగా. ఇంటిపేరు, తండ్రి పేరు, తన పేరు. డాక్టరుగారి పేరు కాబోలనుకున్నాను. పక్క మంచం వాళ్లడిగితే వాళ్లకీ అదే చెప్పాను. ధీమాగా చెప్పాను.

ఇంతలో మా గుడి పాస్టరు అయ్యగారు, స్త్రీల సమాజం వాళ్లు వచ్చారు. ఆపరేషనుకి వెళ్లేవాళ్లకి ముందు ప్రార్థన చేసి ప్రభువు బల్ల ఇవ్వడం మా వాళ్ల అలవాటు. దేవుడి మీద నాకు నమ్మకం లేదని నీకు తెలుసు, నేను వరండాలోకి వచ్చేశాను. రూతు రొట్టెముక్క తింది, ద్రాక్షరసం ఓ గుక్క తాగింది. కాసేపటికి మత్తు డాక్టరుగారు వచ్చి, ఏమైనా తిన్నారా అని అడిగి, బల్ల సంగతి విని, ఆపరేషను ఆపేశారు. ఇక శనివారమే, సర్జనుగారు మళ్లీ అప్పుడే వస్తారన్నారు. ఎన్.బి.ఎం. అంటే నిల్ బై మౌతట. నోట్లో ఏమీ వెయ్యకూడదని. కడుపులో ఏదైనా ఉంటే మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతుందట.

భాస్కర్, నాకు తల తిరిగిపోయింది. ఇంగ్లీషు మీడియం కావాలని నీతో పత్రికల్లో పోట్లాడింది నేనే. మా పిల్లలు పాలేర్లుగా మిగిలిపోకూడదంటే ఇంగ్లీషు రావాలన్నాను, ఇప్పటికీ అంటాను. కానీ ఇది ఇంగ్లీషా? ఇంగ్లీషు వచ్చిన నాకే అర్థం కానిది ఎవరి కోసం రాశారు? 'ఏమీ తినకూడదు, తాగకూడదు' అని తెలుగులో రాస్తే ఆసుపత్రికి ఏం అరిగిపోతుంది? పొడి అక్షరాలు వాడేముందు ఒకసారి పూర్తి మాట రాయాలని, చదివేవాడికి తెలుసో లేదో చూసుకోవాలని, నువ్వే కదా క్లాసులో పిల్లలకి చెబుతావు. ఇక్కడ పూర్తి మాట ఎక్కడుంది? చదువుకున్నవాళ్లు తమలో తాము మాట్లాడుకోవడానికి పెట్టుకున్న గడియ ఇది. రోగి బయటే ఉండాలి.

నర్సు వెంకటదుర్గని నిలదీశాను. "ముందు రోజు సాయంత్రమే చెప్పానండి" అంది. ఎవరికి చెప్పావంటే రూతు మంచం వైపు చూసి తల దించుకుంది. అబద్ధమని అక్కడే అరిచాను. వార్డంతా చూసింది. సూపరింటెండెంటుగారు రాతపూర్వకంగా ఇమ్మన్నారు, విచారణ తేలేదాకా ఆ అమ్మాయిని డ్యూటీలోంచి తప్పిస్తామన్నారు. ఆ అర్జీ నువ్వు ఇంగ్లీషులో రాసిపెట్టాలి. నా ఇంగ్లీషు కోపంగా ఉంటుందని నువ్వే అనేవాడివి. ఇందులో రూతు కథ రాయి, నర్సు పేరు రాయి, ప్రతి బోర్డూ తెలుగులో పూర్తి మాటల్లో ఉండాలని రాయి.

మా బావమరిది డేనియల్ ఈ సాయంత్రం భీమవరం వస్తున్నాడు. ఉత్తరం అతని చేతికిస్తున్నాను.

ఇట్లు,
నీమీద కోపం పూర్తిగా పోని,
జీవరాజు

తా.క. ఒరేయ్ భాస్కరం, కవరు అంటించబోతుంటే రూతు పిలిచింది. ఎవరికి రాస్తున్నారని అడిగి, వెంకటదుర్గ పేరు కూడా రాశారా అంది. రాశానన్నాను. గోడకేసి తిరిగింది. అటే చూస్తూ చెప్పింది. "ఆ పిల్ల చెప్పిందండి. మీరు ఇడ్లీ తేవడానికి వెళ్లినప్పుడు, అర్ధరాత్రి దాటాక మంచినీళ్లు కూడా వద్దమ్మా అని తెలుగులోనే చెప్పింది. తెలిసే తిన్నాను."

ఎందుకు తిన్నావంటే, "బల్ల తీసుకోకుండా మత్తుకి పడుకోవాలంటే భయమేసింది. మళ్లీ లేస్తానో లేదో. ముందు రోజే అయ్యగారిని పిలవండని మిమ్మల్ని ఎలా అడగను? ఇరవయ్యేళ్లుగా మీ ఉపన్యాసాలు వింటున్నదాన్ని" అంది. తిడుతూ అనలేదు. మామూలుగానే అంది, దుప్పటి అంచు సర్దుకుంటూ.

ఇప్పుడు నేను ఎవరితో పోట్లాడాలో నాకు అర్థం కావడం లేదు. బోర్డులు తెలుగులో ఉండాలి, ఆ మాట మార్చుకోను, అది రాయి. వెంకటదుర్గ పేరు మాత్రం అర్జీలో వద్దు. ఆమె దగ్గరికి, సూపరింటెండెంటు దగ్గరికి ఇప్పుడే వెళ్తున్నాను. అరిచింది వార్డులో కాబట్టి తప్పు నాదని చెప్పేదీ వార్డులోనే. రూతు కథ తీసెయ్యి, అది ఆమెది. మా నాన్న పోయిన రోజు ఆ మూడక్షరాలు పంపేముందు ఏం రాయాలో తెలీక నువ్వు ఎంతసేపు కూర్చున్నావో నేను ఎప్పుడూ అడగలేదు.

శనివారం ఆపరేషనుకి వెళ్తానంది రూతు. ఒక్కటే షరతు. శుక్రవారం సాయంత్రం, అన్నం వేళకే, అయ్యగారు రావాలి. పిలవాల్సింది నేను. ఆ కాసేపు మంచం పక్కన కూర్చోవాల్సిందీ నేనే. ఆయన నంబరు రూతు ఫోన్లోంచి రాసుకున్నాను. ఆయనతో ఏమని మొదలుపెట్టాలో తెలీడం లేదు. రేపు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పు. మెసేజి పెట్టకు.