రెండు మొనల నాడె
ఋతుజా, బెయిల్ దొరికింది, జోడ్‌భావి పేట్‌లో మన ఇంట్లోనే ఉన్నాను. కొట్లాట వీడియో ఉందని ఫోను పోలీసులు పెట్టుకున్నారు, అందుకే ఈ కార్డు.

శిక్ష ఎంతని నీ కార్డులో అడిగావు. నేను విసిరిన మగ్గం నాడె తగిలి తోటి నేతగాడు పాండురంగ్ పన్ను విరిగింది కదా. నాడె అంటే ఏమిటని ఠాణాలో అడిగితే, పడుగులో అటూ ఇటూ పోగు నడుపుతుందని, రెండు కొసలకూ ఇనుప మొనలుంటాయని మురిపెంగా నేనే వివరించాను. "చేత్తోని కొడ్తే ఏడేండ్ల లోపే పడ్తుండె. గా మొనలతోని అది హత్యార్, ఆయుధం అయింది, ఇంకా ఎక్కువ పడొచ్చు" అన్నాడు వకీలు.

తీర్పు దాకా సోలాపూర్ దాటకూడదట. మీ పుట్టింట్లో బిడ్డను తొట్టెల వేసేనాడు నా కోసం ఆగకండి. పాలు సరిపోతున్నాయా? అత్తామామలకు దండాలు. నేను చూడని నా బిడ్డ విడిచిన అంగీ ఒకటి, ఉతకకుండా పంపు.

నీ వీరేష్