గోడ మీది నాలుగు వాక్యాలు

శుక్రవారం రాత్రి, అమీర్‌పేట హాస్టల్

ఈరోజు మా క్యూరేటర్ మాధవి మేడంకి చెమటలు పట్టించాను.

నేను ఇంటర్న్‌గా ఉన్న పంజాగుట్ట మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో కొత్త ప్రదర్శన మొదలైంది. ఏ ఆకారమూ తెలియని పెద్ద ఎర్రటి బొమ్మ పక్కన, దాని గురించి గోడ మీద అతికించిన నాలుగు వాక్యాలు నేను రాసినవి. కింద మాత్రం మేడం పేరు. "ఇంటర్న్‌ల పేర్లు కూడా వేస్తారా ఏంటి?" అని నిన్న అందరి ముందూ నవ్వింది.

సాయంత్రం ఆ బొమ్మ వేసిన సువార్తమ్మ గారు వచ్చి, ఆ మాటలు మళ్లీ మళ్లీ చదివారు.

"ఇది దండెం మీద ఆరని చీర అని మీకెట్ల తెలిసింది మేడం? మా అమ్మ చీర అది. నేనెవ్వరికీ చెప్పలే."

మేడం చటుక్కున నా వైపు తిరిగి, "కావ్యా, నువ్వు చెప్పు" అంది.

"మీరు రాసిందే కదా మేడం, నాకేం తెలుస్తది?" అన్నాను.

మేడం మొహం మాడిపోయింది. నా కడుపు చల్లబడింది. సోమవారం నన్ను తీసేసినా ఫికర్ లేదు.

కానీ సువార్తమ్మ గారు జవాబు కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. మా హాస్టల్ డాబా మీది దండెం చూసి రాశానని చెప్పాలనిపించింది. నేను నోరు విప్పితే మేడం ఊపిరి పీల్చుకుంటుంది. అందుకే విప్పలేదు.

"చెప్పొద్దనుకుంటే వద్దులే" అని ఆమె మెల్లగా వెళ్లిపోయారు. ఆ చీరను గుర్తుపట్టింది నేనని ఆమెకు ఇక ఎవరు చెప్తారు...