పిడకలో రెండో పొర

మాతృసమానురాలైన అక్కయ్యకు, తమ్ముడు సూర్యనారాయణ నమస్కరించి వ్రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ, నీ మరదలు కామేశ్వరీ, అమ్మాయి వసుధా క్షేమంగా ఉన్నాము. కంటి ఆపరేషన్ తరువాత నీకు చూపు ఎలా ఉన్నది? పొయ్యి దగ్గరికి వెళ్ళవద్దన్న డాక్టరు మాట వింటున్నావా, లేక కోడలు సుజాత అటు తిరగగానే వంటింట్లోకి దూరుతున్నావా? బావగారి మోకాళ్ళు కాస్త నెమ్మదించాయని తలుస్తాను. మా గురించి బెంగ పెట్టుకోవద్దు. అందరమూ బాగానే ఉన్నాము.

ఉత్తరం పైన తేదీ, ఊరు వేయలేదు. బడిలో ఏ పిల్లవాడైనా ఇలా వ్రాస్తే మార్కులు తగ్గించేవాణ్ణి. అయితే ఈ ఉత్తరాన్ని ఆషాఢంలో మొదలుపెట్టి చింపాను, శ్రావణంలో మొదలుపెట్టి మానుకున్నాను. ఏ తేదీ వేసినా అది పూర్తి నిజం కాదు కనుక ఆ చోటు ఖాళీగా వదిలాను. ఇంత ఆలస్యానికి కారణం బద్ధకం కాదు. నీకు ఏమని వ్రాయాలో తెలియలేదు. ఇప్పుడు తెలిసింది కనుక కూర్చున్నాను.

మేమున్న ఇల్లు కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడికి నడిచి వెళ్ళగలిగినంత దూరం. వసుధ పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌లోని కోచింగ్ సెంటరుకు పాఠాలు చెప్పడానికి వెళ్తే, మళ్ళీ దీపాలు పెట్టే వేళకు వస్తుంది. మన ఊరు విడిచి వచ్చిన కొత్తలో పగలు నాకు గడిచేది కాదు. ఎల్బీ నగర్ చౌరస్తా దాకా నడిచి, బస్సులు దిగే జనాన్ని చూసి తిరిగి వచ్చేవాణ్ణి. అంతమందిలో "మాస్టారూ!" అని పిలిచేవారు ఒక్కరూ లేరు. దుకాణాల బోర్డుల మీద తప్పులు దిద్దుకుంటూ నడవడమే నాకు కాలక్షేపం. ఆ విద్యకు ఇక్కడ పనికి కొదవ లేదు. భోజనానికీ లోటు లేదు. నీ మరదలు చేతి వంటే కదా. నీళ్ళే కాస్త ఉప్పదనం.

ఇంటి యజమాని యాదగిరి గారిది నల్లగొండ దగ్గర పల్లె. సొంత లారీ ఉన్నది. బత్తాయిలు వేసుకొని బాటసింగారం పండ్ల మార్కెట్టుకు తిరుగుతూ ఉంటారు. వారు పైన ఉంటారు, మేము క్రింద. ఇంటి వెనుక మట్టినేల ఉన్నది. ఈ నగరంలో అదొక భాగ్యం. "జాగ ఖాళీగనే ఉంది సారు. ఏమన్న పెట్టుకోన్రి, మాగ్గూడ జర కూరగాయలియ్యిన్రి" అన్నారు. ఆ నేలను చూసే నీకు కబురు చేశాను. మన ఊరు వచ్చిన వసుధ చేత నీవు పార్సిలు పంపావు.

ఆ పార్సిలు విప్పిన రోజు మా ఇంట్లో పండుగే. మన ఊరి గానుగలో నువ్వుల నూనె తీయగా మిగిలిన తాజా తెలగపిండి ఒక సంచీ. దాని క్రింద, అరటి దొప్పలో చుట్టిన పిడక. ఆ పిడకలో, పురుగు పట్టకుండా అద్ది దాచిన, అమ్మ పెంచిన పొట్ల విత్తనాలు. మొన్నటి తుఫానుకు నీ పెరటి గోడ పడి, పందిరి పాదు సమూలంగా పోయిందనీ, ఇంట్లో మిగిలిన విత్తనమంతా పంపేస్తున్నాననీ, "ఇక ఇది నీ పెరట్లోనే బ్రతకాలి తమ్ముడూ" అనీ నీవు చెప్పి పంపిన మాట వసుధ నాకు అప్పగించింది. ఆ మాట బరువు నాకు తెలుసు. అమ్మ పోయిన తరువాత ఏటేటా ఆ పాదును నిలబెట్టినది నీవే.

పిడక పైపొరను నేనే జాగ్రత్తగా విప్పాను. అంటుకున్న విత్తనాలన్నీ ఏరి, రాత్రంతా నానబెట్టి, గోడ ప్రక్కన పాదు చేసి నాటాను. ముందు మళ్ళలో గోంగూర, వంగ, మిరప పెట్టాను. నాన్నగారు చేసినట్టే మట్టిలో తెలగపిండి కలిపాను. మిగిలిన పిడక ముద్దను ఎరువుకు పనికివస్తుందని గోడ మీది గూట్లో పెట్టాను.

పొట్ల మొలకలు రెండాకులు వేసిన వారంలోనే యాదగిరి గారు ఒక గోనెసంచీతో దిగారు. అందులో రెండు కుక్కపిల్లలు.

"మార్కెట్ల లారీ కింద పండుకున్నయ్ సారు. బండి తీస్తుంటె కనవడ్డయ్. తల్లి లేదు. ఇడిసిపెట్టబుద్ధి కాలే."

"మరి మీరే పెంచుకోవచ్చు కదండీ?"

"మా ఇంటామె గడప తొక్కనియ్యదు. మీరు సదువుకున్నోళ్ళు, మీ మాట ఇంటయ్ గవి."

నేను నోరు తెరిచేలోపే నీ మరదలు వాటిని ఒళ్ళోకి తీసుకున్నది. "ఏమండీ, ఎంత సన్నగా ఉన్నాయో చూడండి" అన్నది. ఇక నా అభిప్రాయంతో ఎవరికీ పని లేకపోయింది. పేర్లు పెట్టే అధికారం మాత్రం నాకు విడిచారు. తెల్లదానికి అచ్చు అనీ, మచ్చలదానికి హల్లు అనీ పెట్టాను. యాదగిరి గారు తల గోక్కొని, "గివేం పేర్లు సారూ! టామీ, టైగర్ అని పెట్టొచ్చుగద" అన్నారు. ఇప్పుడు వారి ఇల్లాలే పైనుంచి "అచ్చీ! హల్లీ!" అని పిలుస్తారు. ఆ రూపాలు దిద్దడం నా వల్ల కాలేదు.

మొదటి రాత్రులు అవి ఏడ్చాయి. కామేశ్వరి పాత చీర పరిచి, గంప బోర్లించి గూడు చేసింది. మన ఇంట్లో మాంసం వండరు కనుక వాటికి ఏమి పెట్టాలన్నది పెద్ద సమస్య అయింది. పాలన్నానికి మూతి త్రిప్పుకున్నాయి. పప్పన్నం వాసన చూసి వదిలాయి. చివరకు నీవు పంపిన తెలగపిండితో చేసిన కూర అన్నంలో కలిపి పెడితే గిన్నె నాకేశాయి. నీ మరదలి సంతోషం చూడాలి! "మన వైపు పిల్లలేనండీ ఇవి" అన్నది. ఆనాటి నుంచి పొద్దునా సాయంత్రమూ వాటికి అదే భోజనం.

ఇక నేను ఇంతకాలం వ్రాయలేకపోయిన సంగతి. ఒక ఉదయం లేచి చూస్తే మళ్ళన్నీ తిరగబడి ఉన్నాయి. గోంగూర వేళ్ళు ఆకాశం చూస్తున్నాయి. అచ్చు ముక్కుకు మట్టి, హల్లు పంజాలకు మట్టి. గట్టిగా మందలించాను. నర్సరీ నుంచి నారు తెచ్చి, ఇంకాస్త తెలగపిండి వేసి, మళ్ళీ నాటాను. పొట్ల పాదుకు ఏమీ కాలేదన్న ధైర్యంతో దానికి కూడా ఆ పిండి వేసి కప్పాను. మరునాడు పాదు మొత్తం గుంట. మొలకలు కొన్ని తెగి, కొన్ని నలిగి, ఎండకు వాడి పడి ఉన్నాయి. తిరిగి నాటాను, తడి గుడ్డ కప్పాను, కొబ్బరాకు నీడ పెట్టాను. ఒక్కటీ తేరుకోలేదు.

అక్కయ్యా, ఆ రోజు నేను అన్నం తినలేదు. యాదగిరి గారు వచ్చి, "ఏంది సారు, గంత పరేషాన్ అయితున్రు? ఇత్తనాలే గద, ఎల్బీ నగర్ల పాకిట్లు దొర్కుతయ్" అన్నారు. వారి తప్పు లేదు, వారికేమి తెలుసు? అమ్మ పందిరి క్రింద నీవు నాకు ఎక్కాలు నేర్పిన సంగతి ఏ ప్యాకెట్టు మీద ఉంటుంది? "యాదగిరి గారూ, మీరు మరోలా అనుకోకండి, ఈ కుక్కపిల్లలను తీసుకువెళ్ళండి" అన్నాను. వారు నా ముఖం చూసి ఎదురాడలేదు. "సరె సారు, ఆదివారం బండి పోతది. మార్కెట్ల ఎవలన్న సాదుకుంటరేమొ అడుగుత" అని మెట్లెక్కారు. నీ మరదలు గిన్నెలు కాస్త గట్టిగా పెట్టింది.

శనివారం ఆమె గుడికి వెళ్ళి వచ్చి, పెరటి గట్టు మీద కూర్చొని మునగాకు దూస్తున్నది. కుక్కపిల్లలు ఎదుట మడిలో మళ్ళీ మొదలుపెట్టాయి. నేను కర్ర తీసుకొని లేచాను.

"ఆగండి" అన్నది. "మీరు కాసేపు ఊరికే చూడండి."

చూశాను. హల్లు మట్టి తవ్వి, లోపలినుంచి ఏదో నోట కరుచుకొని నమిలింది. అచ్చు వచ్చి దాని మూతి నాకింది.

"అవి తవ్వడం లేదండీ. అన్నం వెతుక్కుంటున్నాయి."

"అన్నమా? మట్టిలోనా?"

"రోజూ నేను గిన్నెలో పెట్టేదేమిటి? మీరు మట్టిలో కప్పిందేమిటి?"

కర్ర గోడకు ఆనించాను. ఇంటి ఇల్లాలు ఒక చోట వడ్డిస్తే, ఆమె భర్త ఇంకొక చోట దాచి పెడుతున్నాడని అవి అనుకున్నాయి కాబోలు. అందులో వాటి తెలివికి లోపమేమీ లేదు. "కుక్కలు తెలగపిండి తింటాయని నాన్నగారికి ఎలా తెలుస్తుంది, ఆయన కాలంలో కుక్కలకు కూర వండిపెట్టే కోడలు లేదు" అన్నాను. అప్పటికి గాని ఆమె నవ్వలేదు. అలా నవ్వి చాలా రోజులైంది.

పైకి వెళ్ళి యాదగిరి గారితో కుక్కలు ఇక్కడే ఉంటాయని చెప్పాను. "నాకెరుకనే సారు" అన్నారు. "అందుకే నేనెవల్నీ అడుగలే."

మళ్ళలోని పిండినంతా తవ్వి తీసివేశాము. మట్టిని ఎండబెట్టి, వేపపిండి కలిపి, మళ్ళీ బాగుచేశాము. ఆ చేదుకు కుక్కపిల్లలు దగ్గరికి రాలేదు. నారు మూడవసారి నాటాము. పొట్ల పాదు చోటు మాత్రం ఖాళీగా ఉంచాను. అక్కడ మరొక మొక్క పెట్టడానికి మనసొప్పలేదు.

వంగ నారుకు బలం చాలదేమోనని, గూట్లోని పిడక ముద్ద జ్ఞాపకం వచ్చి, దాన్ని బకెట్టు నీళ్ళలో నానబెట్టాను. సాయంత్రానికి మెత్తబడింది. కలపడానికి చెయ్యి పెట్టాను. వేళ్ళకు గట్టిగా ఏదో తగిలింది. రాయి అనుకొని తీశాను. తరువాత ఇంకొకటి. నీళ్ళు మెల్లగా వంచి చూస్తే అడుగున పొట్ల విత్తనాలు. గరుకు అంచులతో, గోధుమ రంగులో, ఏ చెడుపూ లేకుండా ఉన్నాయి.

"కామేశ్వరీ!" అని కేక వేశాను. ఆమె, కుక్కలు, మేడ మీది ఇల్లాలు, అందరూ ఒక్కసారే వచ్చారు. అప్పుడు నాకు అమ్మ చేతులు కనబడ్డాయి. పేడముద్ద పరిచి, విత్తనాలు అద్ది, దానిమీద ఇంకొక పేడ పొర వేసి, మళ్ళీ విత్తనాలు అద్ది గోడకు కొట్టేది. ఎందుకమ్మా రెండు పొరలు అని అడిగితే, "పైవి తొందరపడేవాళ్ళకి, లోపలివి ఇంటికి" అనేది. నీవు ఆ పద్ధతి విడువలేదు. నేను పైపొర విప్పి పని అయిపోయిందనుకున్నాను. నీ చేతిలో ఉన్న జాగ్రత్త నన్ను కాపాడింది.

ఈసారి అన్నీ ఒకే చోట నాటలేదు. కొన్ని మా పెరట్లో, కొన్ని మేడ మీద యాదగిరి గారి కుండీలో. వారే బొంగులు తెచ్చి పందిరి వేశారు. తీగ పాకింది, తెల్లని పూలు పూసింది, ఇప్పుడు మొదటి కాయలు వ్రేలాడుతున్నాయి. కాయ వంకర పోకుండా నీ మరదలు మన పద్ధతిలో కొనకు దారంతో రాయి కట్టింది. గాలికి ఆ రాయి ఊగినప్పుడల్లా అచ్చు దాన్ని చూసి మొరుగుతుంది. హల్లు పందిరి నీడలో నిద్రపోతుంది. సాయంత్రాలు రెండింటినీ తీసుకొని గుడి వీధి దాకా నడుస్తాను. ఇప్పుడు అందరూ పలకరిస్తున్నారు. నన్ను "కుక్కల సారు" అంటున్నారు. మొదట మనసుకు కష్టమనిపించింది. ఇప్పుడు వెనుదిరిగి పలుకుతున్నాను.

బలమైన కాయ ఒకటి కోయకుండా పండడానికి వదిలాము. దాని విత్తనాలు వసుధ చేత నీకు పంపుతాను. నీ పెరటి గోడ మళ్ళీ కట్టించే లోపు బొంగులు సిద్ధం చేయించు. పిడక చేసేటప్పుడు సుజాతను ప్రక్కన కూర్చోబెట్టుకొని, ఆమె చేతనే రెండు పొరలూ వేయించు. తెలగపిండి కూడా కాస్త పంపు. వంటింటికి మాత్రమే సుమా.

బావగారికి నా నమస్కారాలు. సుజాతకూ పిల్లలకూ నా ఆశీస్సులు. మా ముగ్గురినీ, వీలైతే ఆ రెండింటినీ కూడా నీవు దీవించాలి.

ఎప్పటికీ నీ నీడన పెరిగిన,
తమ్ముడు సూర్యనారాయణ

తా.క.: నీ కళ్ళకు శ్రమ ఇవ్వవద్దు. సుజాత చేత ఈ ఉత్తరం చదివించుకో. విత్తనాల ప్యాకెట్లు వచ్చిన ఈ రోజుల్లో పేడలో చేతులు పెట్టడమెందుకని బావగారు నిన్ను ఆటపట్టిస్తారని విన్నాను. కనుక వారు వరండాలో పేపరు పట్టుకొని కూర్చున్న వేళ చూసి, బకెట్టులో నేను చెయ్యి పెట్టిన చోటు నుంచి, సుజాతను ఇంకొకసారి బిగ్గరగా చదవమను.