‘ఊబి’లో నవ్వు నిషేధం

సోమవారం, ఉదయం

నిర్ణయం జరిగిపోయింది! ఇన్నాళ్ళూ హాస్యనాటికలు వేసిన ఈ చేత్తోనే డ్రగ్స్ వ్యసనం మీద నాటకం వేస్తున్నాను. పేరు ‘ఊబి’. కథ మా తమ్ముడిదే. వాడే చెప్పాడు, వాడే వేయమన్నాడు. డీ-అడిక్షన్ సెంటర్ నుంచి వచ్చాక వాడు మనుషుల్లోకి రావడం లేదు. మొదటి ప్రదర్శనకు మాత్రం వస్తాడట, ముందు వరుసలో కూర్చుంటాడట. వాడి కష్టం చూసి ఎవరైనా కిసుక్కుమంటే మళ్ళీ గదిలో దూరి తలుపేసుకుంటాడు. అందుకే ప్రతిజ్ఞ: నాటకంలో ఒక్క నవ్వు కూడా ఉండకూడదు!

సోమవారం, సాయంత్రం

రిహార్సల్ అద్భుతం! ఎవరూ నవ్వలేదు. ఇంకా డైలాగులు ఇవ్వలేదనుకోండి.

మంగళవారం

హీరో మా ఆఫీసు క్యాషియరు. అందరూ బొద్దుబాబు అంటారు. ‘చిక్కి శల్యమైపోయానమ్మా’ అని అతను అనగానే లైట్లాయన దగ్గు నటించాడు. డైలాగు మార్చాను: ‘లోలోపల చిక్కిపోయానమ్మా.’ ఈసారి నాకే నవ్వొచ్చింది. డైరెక్టరు నవ్వు లెక్కలోకి రాదు.

గురువారం

సీనులో తెల్లపొడి కావాలని గ్లూకోజ్ డబ్బా తెచ్చాను. సీను మొదలయ్యేసరికి డబ్బా ఖాళీ! బొద్దుబాబు మూతి తెల్లగా ఉంది.

“ఏం చేయను మేడమ్! పాత్రలోకి వెళ్ళాను, వెనక్కి రాలేకపోతున్నాను.”

రెండో డబ్బా పిన్నికి అప్పగించాను. తల్లి వేషం ఆవిడదే. అమ్మ పోయాక మా ఇద్దరినీ పెంచిన మనిషి, ఆ వేషం ఇంకెవరికిస్తాను? గంటలో పిన్ని మూతి కూడా తెల్లబడింది. కడుపుబ్బ నవ్వాం. టీ విరామంలో కాబట్టి ప్రతిజ్ఞకు భంగం లేదు.

శనివారం

చావు సీను. గుండెలు పిండేసే నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడే కింద అంతస్తులో జుంబా డాన్సు క్లాసు మొదలైంది. నేల అదురుతోంది. చచ్చిపడున్న హీరో స్నేహితుడి కాలు తాళం వేస్తోంది!

“ఏయ్ శవం, కాలు!” అని అరిచాను.

“దానంతటదే కదులుతోంది మేడమ్,” అంది శవం.

అందరం పడీ పడీ నవ్వాం. సరే, నియమం కాస్త సడలిస్తున్నాను. రిహార్సల్లో నవ్వొచ్చు. రేపు హాల్లో మాత్రం... అమ్మో, తమ్ముడు!

ఆదివారం, ప్రదర్శన అయ్యాక

చిన్న హాలే అయినా నిండింది. తమ్ముడు వచ్చాడు! చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. మొదటి సగమంతా చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. బొద్దుబాబు ఏడిపించేశాడు. గెలిచాననుకున్నాను.

తర్వాత అసలు సీను. బాగుపడ్డ కొడుకు మళ్ళీ తూలుతూ ఇంటికొస్తాడు. తల్లి గుండె పగిలి, ‘మళ్ళీ ఆ మందు వేసుకున్నావా?’ అని కేకపెట్టాలి. డాక్టరు రాసిన మాత్రల గురించి ఇంట్లో తమ్ముణ్ణి రోజూ అడిగే పిన్నికి ఆ గొంతే వచ్చేసింది:

“మందు వేసుకున్నావా నాన్నా? అన్నం తిన్నాకేనా?”

హాలు గొల్లుమంది. తెర వెనక నా పై ప్రాణాలు పైనే పోయాయి. తొంగిచూశాను. తమ్ముడు లేచి నిలబడ్డాడు. వెళ్ళిపోతున్నాడనుకున్నాను. కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వుతున్నాడు! వాడి నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

“డాక్టరు మందు వేసుకున్నా పిన్నీ,” అన్నాడు హాలంతా వినేలా. “ఆ మందు మాత్రం వేసుకోలేదు.”

పిన్ని నాటకం మరిచిపోయి, వేదిక దిగి వాణ్ణి వాటేసుకుంది. బొద్దుబాబు తూలడం ఆపి చప్పట్లు కొట్టాడు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

సోమవారం, ఉదయం

హాలువాళ్ళు మళ్ళీ వేయమన్నారు! తమ్ముడు టిఫిన్ దగ్గర అన్నాడు:

“అక్కా, పిన్ని మాట అలాగే ఉంచు. ప్రతి షోకీ వస్తా. ఆ జవాబు నేనే చెప్తా.”

సరేనన్నాను. ఆ ఒక్క చోట తప్ప నాటకంలో ఇంకెక్కడా ఒక్క నవ్వు కూడా ఉండకూడదు. ఈసారి ఒట్టు!